సగంలోనే తిరిగొచ్చాం.. అయినా హ్యాపీ!

చిరపుంజి అనగానే స్కూల్లో రాసిన బిట్ పేపరే గుర్తొస్తుంది కదా! 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా 12 నెలల్లో అక్కడ 26,471 మిల్లీమీటర్ల వాన పడింది. అంటే దాదాపు ఎనిమిది అంతస్తుల బిల్డింగ్ ఎత్తు. మరి అన్ని నీళ్లు ఎటు పోతాయి? కొన్ని వాగులై బంగ్లాదేశ్ వైపు పారతాయి. కొన్ని నేలలోకి దిగి, రాయిని తొలుచుకుంటూ దారి చేసుకుంటాయి. ఆ దారుల్లో నడిచి చూద్దామని పోయిన డిసెంబర్‌లో నేనూ మా ఫ్రెండూ హైదరాబాద్‌లో గువాహటి ఫ్లైట్ ఎక్కాం. అక్కడి నుంచి షిల్లాంగ్, ఆ తర్వాత చిరపుంజి. అక్కడివాళ్లు మాత్రం తమ ఊరిని సోహ్రా అంటారు.

చలికాలమే ఎందుకు?

వాననీరు గాల్లో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కాస్త ఆమ్లంగా మారుతుంది. సున్నపురాయి పగుళ్లలోకి దిగి, దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల ఏళ్లకు పగుళ్లు సొరంగాలవుతాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. జైంతియా కొండల్లో లియత్ ప్రా, ఉమిమ్, లబిట్ అని వేర్వేరు పేర్లున్న గుహలు లోపల కలిసిపోయి, మొత్తం 30 కిలోమీటర్లకు పైగా సాగుతాయి.

వానాకాలంలో ఈ సొరంగాలే నదులు. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహ గుర్తుందా? 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ జూన్ 23న లోపలికి వెళ్లారు. వరద దారి మూసేసింది. డైవర్లు అందరినీ బయటికి తెచ్చేసరికి జులై 10 అయింది. అందుకే మేఘాలయలో గుహల సీజన్ అంటే వానలు ఆగిన చలికాలమే.

మేం ఎంచుకున్నది సోహ్రా దగ్గరి క్రెమ్ మామ్లూ. ఖాసీ భాషలో 'క్రెమ్' అంటే గుహ. పొడవు 7 కిలోమీటర్లకు పైనే, ద్వారాలు ఒకటికి మించి ఉన్నాయి. ఒక ద్వారంలో దిగి ఇంకో ద్వారంలో తేలాలన్నది మా ప్లాన్.

ఆ ఒక్క రూల్

మా గైడ్ లోకల్ ఖాసీ ఆయన. అక్కడ మగవాళ్లను గౌరవంగా 'బా' అంటారు, మేమూ అలాగే పిలిచాం. ముందు మా బట్టలు చూశాడు. జీన్స్ వద్దన్నాడు. తడిస్తే బరువెక్కి, ఒంట్లో వేడంతా లాగేస్తుందట. మనిషికి మూడు లైట్లు ఉండాలన్నాడు. ఎన్నింటికి బయటికొస్తామో ఊళ్లో ఒకరికి చెప్పి పెట్టాడు. చివర్లో హిందీలో ఇంకో మాట అన్నాడు.

"లోపల నేను 'ఠీక్ హో?' అని అడుగుతుంటా. మొహమాటానికి 'ఠీక్' అనొద్దు. నిజం చెప్పాలి."

మేం నవ్వుకున్నాం. ఇదేం పెద్ద రూల్ అనుకున్నాం.

లైట్లు ఆపిన నిమిషం

బయట ఎముకలు కొరికే గాలి. లోపల మాత్రం కాస్త వెచ్చగానే అనిపించింది. గుహ లోతుల్లో వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు మరి. కానీ నీళ్లు వేరే సంగతి. మోకాళ్ల దాకా, తర్వాత నడుము దాకా వచ్చాయి. కొన్నిచోట్ల పాకాం. హెల్మెట్ పైకప్పుకు టకటకా తగులుతూనే ఉంది. పైనుంచి వేలాడే రాతి ఊచల్ని ముట్టుకోవద్దని బా మళ్లీ మళ్లీ చెప్పాడు. మన చేతి జిడ్డు అంటితే అవి పెరగడం ఆగిపోవచ్చు.

ఒక పొడి చోట ఆపి, లైట్లన్నీ తీసేయమన్నాడు. కళ్ల ముందు చెయ్యి ఊపినా కనిపించలేదు. ఎక్కడో 'టప్.. టప్' అని చుక్కల చప్పుడు.

ఆ చుక్కలు మామూలువి కావు. అలా చుక్కచుక్కగా పేరుకున్న ఈ గుహలోని ఒక రాతి దిమ్మను సైంటిస్టులు పొర పొరగా చదివారు. అందులోని ఆక్సిజన్ గుర్తుల్ని బట్టి, సుమారు 4,200 ఏళ్ల కింద వానలు బాగా బలహీనపడ్డాయని తేల్చారు. అప్పటి నుంచి నేటి దాకా సాగుతున్న భూగర్భ కాలానికి 2018లో 'మేఘాలయన్' అని పేరు పెట్టారు. అంటే మీరూ నేనూ బతుకుతున్న కాలానికి కొలత రాయి ఈ గుహదే!

"లేదు బా.."

కాసేపటికి పైకప్పు కిందికి దిగింది. నీళ్లు ఛాతీ దాకా వచ్చేలా ఉన్నాయి. గడ్డం పైకెత్తి దాటాలి. బా ముందు వెళ్లి చూసొచ్చి, "ఠీక్ హో?" అన్నాడు. నేను బాగానే ఉన్నా, ఊఁ అన్నాను.

మావాడు వెంటనే మాట్లాడలేదు. లద్దాఖ్‌కి బైక్ మీద పోయొచ్చినోడు. దేనికీ 'నో' చెప్పడు. కాసేపాగి, "లేదు బా, చేతులు వణుకుతున్నాయి. హెల్మెట్ క్లిప్ పట్టుకుందామన్నా వేళ్లు ఆడట్లేదు" అన్నాడు.

బా ఇంకో ప్రశ్న అడగలేదు. "బస్, వాపస్."

టికెట్లు, లీవులు, అవతలి ద్వారం.. ఒక్క క్షణం అన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. "అటు ఇంకెంత దూరం బా?" అని అడిగాను.

"దూరం కాదు లెక్క. ముందుంది ఇంకా లోతు నీళ్లు. ఒకరు కదల్లేకపోతే ఈ సందుల్లో మోసుకెళ్లేదెలా?"

పొడి స్వెటర్ ఒకటి తీసి వాడికి తొడిగించాడు, చాక్లెట్ తినిపించాడు. వాడిని మధ్యలో పెట్టుకుని, వాడి స్పీడ్‌లోనే వెనక్కి నడిచాం. బయటికొచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఆ వైపు చలికాలంలో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది.

టీ కొట్టు దగ్గర గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, "సారీ మామా, నీ ట్రిప్ ఖరాబ్ చేసిన" అన్నాడు.

"నువ్వు 'ఓకే' అనుంటే అప్పుడు ఖరాబ్ అయ్యేది రా" అన్నాను.

రోజంతా ఎన్నిసార్లు 'ఓకే' అని టైప్ చేస్తామో కదా! అందులో ఎన్ని నిజమో మనకే తెలుసు. ఫోన్లో అయితే నడిచిపోతుంది. నడుములోతు చల్లటి నీళ్లలో నడవదు. వాడు లద్దాఖ్‌లో చూపించిన ధైర్యం కన్నా ఆ 'లేదు' అనడమే నాకు పెద్దగా కనిపించింది.

మీరూ వెళ్తారా?

• మొదటిసారైతే మన నంద్యాల జిల్లా బెలూం గుహలతో మొదలుపెట్టండి. మొత్తం 3,229 మీటర్లలో దాదాపు కిలోమీటరున్నర దాకా లైట్లు, దారి ఉన్నాయి. మీకు ఇరుకు పడుతుందో లేదో తెలిసిపోతుంది.

• లైట్లు లేని గుహల్లోకి లోకల్ గైడ్ లేకుండా అస్సలు వద్దు.

• హెల్మెట్, మూడు లైట్లు, ప్లాస్టిక్ కవర్లో ఒక జత పొడి బట్టలు తప్పనిసరి.

• వాన సూచన ఉంటే ట్రిప్ క్యాన్సిల్. బేరాల్లేవు.

• టీమ్‌లో అందరికన్నా నెమ్మదిగా ఉన్నవాళ్లదే స్పీడ్. ఎవరు 'చాలు' అన్నా అందరూ వెనక్కి.

వచ్చే డిసెంబర్‌కి మళ్లీ టికెట్లు చూస్తున్నాం. ఈసారి ఛాతీ లోతు నీళ్లకు తగ్గ సూట్లు కూడా లిస్టులో చేర్చాడు మావాడు. ఆ అవతలి ద్వారం వేల ఏళ్లుగా అక్కడే ఉంది. మా కోసం ఇంకో ఏడాది ఆగలేదా ఏంటి!