పొట్ట తగ్గించు శస్త్రచికిత్స: ముందుగా తెలిసికొనవలసినవి

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల గృహిణులు కొందరు ఈ మధ్య పొట్ట తగ్గుటకు చూర్ణము అడుగుటకు మారుగా, "టమ్మీ టక్ చేయించుకొనవచ్చునా?" అని అడుగుచున్నారు. ఆయుర్వేద వైద్యుడు దీనిని నిందించునని వారి సందేహము. నిందింపవలసినది లేదు. శల్యతంత్రము మన అష్టాంగములలో ఒకటి. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో తిరిగి నిర్మించు విధానము సుశ్రుత సంహితలో కలదు. పొట్టపై వ్రేలాడు చర్మమును, కొవ్వును కోసి తొలగించు పద్ధతిని 1899లోనే అమెరికాలోని బాల్టిమోర్ నగర వైద్యుడు హోవర్డ్ కెల్లీ వెల్లడించెను. కనుక ఇది నిన్న మొన్నటి వింత కాదు. అయితే ఏ పొట్టకు పనికివచ్చును, దేనికి పనికిరాదు అన్నది తెలియక ముందుకు పోరాదు.

మత్తు ఇచ్చి, పొత్తికడుపు దిగువన ఒక తుంటి నుండి మరియొక తుంటి వరకు కోసి, సాగిన చర్మమును, దాని క్రింది కొవ్వును తీసివేయుదురు. ఎడమైన కండరములను దగ్గరకు చేర్చి కుట్టి, బొడ్డును క్రొత్త చోట అమర్చుదురు. రెండు మొదలు నాలుగు గంటలు పట్టును. గొట్టముతో కొవ్వును పీల్చు లైపోసక్షన్ వేరు. దానివలన సాగిన చర్మము బిగియదు.

పొట్టలన్నియు ఒక తీరువి కావు. వ్రేళ్లతో పట్టుకొనగలిగిన కొవ్వు చర్మము క్రిందిది. ప్రేవుల చుట్టును, కాలేయమునందును చేరిన కొవ్వు చేతికి చిక్కదు. కడుపు గట్టిగా, కుండవలె ముందుకు వచ్చియుండును. దానిని ఈ శస్త్రము తాకనే తాకదు. మధుమేహమునకు, గుండెజబ్బునకు ఎక్కువగా దారితీయునది ఆ కొవ్వే. అట్టివారికి మితాహారము, వ్యాయామము తప్ప దగ్గరిదారి లేదు. మన సీమ జొన్నరొట్టె, కొర్రన్నము అందుకు తగినవే. ప్రతి ఉదయము ఉగ్గాని, బజ్జీలు తినుచు రాత్రి తిన్న రొట్టెను నిందించుట న్యాయము కాదు.

వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, తల కొంచెము ఎత్తి బొడ్డు వద్ద తడిమి చూడుడు. నడిమిగీత వెంట రెండు వ్రేళ్లకు మించిన సందు తగిలినచో కండరములు ఎడమైనవని గ్రహింపవలెను. కాన్పుల తరువాత ఇది సాధారణము. బాలింతకు పొట్టచుట్టు బట్ట కట్టు ఆచారము మన ఇండ్లలో కలదు; చరకుడును దీనిని విధించెను. ఆ కట్టు ఆసరా ఇచ్చును గాని కొవ్వును కరగించదు. కాన్పైన తొలి నెలలలో ఈ సందు చాలమందికి తనంతట తగ్గును. దగ్గినప్పుడు బొడ్డు వద్ద గడ్డ ఉబికినచో అది హెర్నియా కావచ్చును, శస్త్రవైద్యునికి చూపవలెను. ఇంకను బిడ్డలు కావలెననువారు ఆగుట మంచిది, మరల గర్భము వచ్చినచో కుట్టిన కండరములు తిరిగి సాగును. బరువు తగ్గి, ఆ తగ్గిన బరువు కొన్ని నెలలు నిలకడగా ఉన్నవారికే ఈ శస్త్రము తగును.

నేను ముఖ్యముగా చెప్పదలచినది మందులను గూర్చి. మా మందులు వాడువారు ఆ సంగతి శస్త్రవైద్యునికి చెప్పరు. "ఆకులు, వేళ్లే కదా!" అందురు. గుగ్గులు, ఔషధమాత్రలో వెల్లుల్లి రక్తము గడ్డకట్టు గుణమును తగ్గింపవచ్చును. అతిమధురము చాలకాలము సేవించినచో రక్తపోటు పెరిగి, పొటాషియం తగ్గవచ్చును. అశ్వగంధ మత్తుమందు ప్రభావమును హెచ్చింపవచ్చును. కూరలోని వెల్లుల్లికి భయపడనక్కరలేదు. మందులన్నింటిని డబ్బాలతో సహా చూపవలెను. సాధారణముగా రెండు వారములు ముందే మానుమందురు. ఆస్పిరిన్ వంటివి, మధుమేహపు మందులు మాత్రము వైద్యుడు చెప్పక మానరాదు. పొగాకును కనీసము నాలుగు వారములు ముందే విడువవలెను. లేనిచో రక్తప్రసారము చాలక గాయపు అంచులు నల్లబడి చర్మము చచ్చును. శస్త్రము నాటి ఉదయము నీరసము వచ్చునని పెద్దలు పాలు, కషాయము త్రాగించుట కూడదు. మత్తులో వాంతియైనచో అది ఊపిరితిత్తులలోనికి పోవును.

తరువాత సుమారు ఆరు వారములు బరువు ఎత్తరాదు. కుళాయి వచ్చు దినమున బిందెలు ఎవరు మోయుదురో ముందే ఆలోచింపుడు. చంటిబిడ్డయు బరువే. ఎమ్మిగనూరు నేతయిండ్ల స్త్రీలు గుంటమగ్గమున కూర్చుండి కాళ్లతో త్రొక్కుచు నేయుటయు వైద్యుడు అనుమతించువరకు తగదు.

మచ్చ శాశ్వతముగా ఉండును. కొంతమేర స్పర్శ తగ్గును. చర్మము క్రింద నీరు చేరవచ్చును. వీనికంటె భయపడవలసినది కాలి సిరలలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరుట. అరుదే గాని ప్రాణాంతకము. ఒక పిక్క వాచి నొప్పించినను, హఠాత్తుగా ఆయాసము, ఛాతీనొప్పి కలిగినను, గ్యాస్ అని వాము నమలించుచు కాలయాపన చేయక తక్షణమే పెద్ద ఆసుపత్రికి పోవలెను.

శస్త్రవైద్యునికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గాని, డి.ఎన్.బి. గాని ఉన్నదా, మత్తువైద్యుడు ఉండునా, అత్యవసర చికిత్సా విభాగము కలదా అని అడుగుటకు మొగమాటపడరాదు. అందము కొరకు చేయు శస్త్రమునకు ఆరోగ్య బీమా సాధారణముగా వర్తింపదు. హెర్నియా ఉన్నచో ఆ భాగము సంగతి బీమావారిని ముందే అడుగవలెను. ఆదోని నుండి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. డిశ్చార్జి అయిన దినముననే బస్సులో కాళ్లు ముడుచుకొని తిరుగు ప్రయాణము చేయుటకంటె, నీరు తీయు గొట్టములు తొలగించువరకు ఆసుపత్రికి దగ్గరలో బంధువుల ఇంటనో, అద్దెగదిలోనో ఉండి, దినమునకు పలుమార్లు మెల్లగా నడచుచుండుట క్షేమము.