బొంతకుట్టు

బొంతకుట్టు అనగా రెండు లేక అంతకు మించిన బట్ట పొరలను ఒకదానిపై ఒకటి పరచి, అవి విడిపోకుండా వరుస కుట్లతో కలిపి కుట్టే పని. ఇలా తయారైన దళసరి పరుపుడు బట్టను బొంత అంటారు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలతో సహా రాయలసీమ పల్లెలలో పాత నూలు చీరలు, పంచెలతో బొంతలు కుట్టుకొనే అలవాటు ఉన్నది. ఈ పనిని చేతితోను, కుట్టుమిషనుతోను చేయవచ్చును. మిషనుపై కుట్టేటప్పుడు పొరలు జరగకుండా వాకింగ్ ఫుట్ అనే సాధనాన్ని వాడతారు.

పేరు
సంస్కృతంలో బొంతను కంథ అంటారు. బెంగాలులోని కాంథా, బీహారులోని సుజని, ఉత్తర కర్ణాటకలోని కౌది, మహారాష్ట్రలోని గోధడి ఇటువంటివే. ఒకదానికొకటి సరిపోయిన జతను గూర్చి చెప్పే "గంతకు తగ్గ బొంత" అనే సామెత తెలుగువారికి సుపరిచితము.

ప్రయోజనం
కట్టుకొనుటకు పనికిరాని చీర కూడా నాలుగైదు పొరలుగా కలిస్తే గట్టిపడుతుంది. పొరల మధ్య నిలిచిన గాలి చలిని ఆపుతుంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె వంటి చోట్ల చలికాలంలో ఇది ఎంతో ఉపయోగము. మధ్యలో దూది పెట్టినపుడు కుట్లు దూరదూరంగా ఉంటే, ఉతికినపుడు దూది ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది. కనుక బొంత మన్నిక కుట్లపైనే ఆధారపడి ఉంటుంది.

చేతి కుట్టు, మిషను కుట్టు
చేతితో కుట్టేటప్పుడు సూది అన్ని పొరలను ఒకేసారి గుచ్చుకొని పోతుంది. రెండవ చేతి వేళ్ళు అడుగు పొరను తడిమి సరిచేస్తూ ఉంటాయి. మిషనులో బట్టను నడిపించేవి సూది కింది పలకలోని పళ్ళు. అమెరికాకు చెందిన అలెన్ విల్సన్ 1854లో పేటెంటు పొందిన నాలుగు కదలికల పద్ధతిలో ఈ పళ్ళు పైకి లేచి, బట్టను వెనుకకు జరిపి, కిందికి దిగి, మరల ముందుకు వస్తాయి. ఇవి అడుగు పొరను మాత్రమే పట్టుకొంటాయి. బట్టను అదిమి ఉంచే పాదం పై పొరను కొంత ఆపుతుంది. ఒక్కొక్క కుట్టుకు ఈ తేడా వెంట్రుకవాసి మాత్రమే. కాని బొంత పొడవునా కుట్టేసరికి పై పొర వెనుకబడి ముడతలు పడుతుంది. జారుడు గుణం గల పాలియెస్టర్ చీరలతో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ.

వాకింగ్ ఫుట్ పనితీరు
మామూలు పాదాన్ని తీసి దాని స్థానంలో దీనిని బిగిస్తారు. దీనికి స్వంత పళ్ళు ఉంటాయి. చీలిన కొన గల ఒక మీట, సూదిని బిగించే మరపై కూర్చుంటుంది. సూది కడ్డీతో పాటు ఆ మీట కదిలి, పై పళ్ళను అడుగు పళ్ళతో సమంగా నడిపిస్తుంది. అందువలన పొరలన్నీ ఒకే వేగంతో సాగుతాయి. పాదం లేచి అడుగు వేసినట్లు కనిపిస్తుంది గనుక దీనికి ఆ పేరు వచ్చినది. చేతి వేళ్ళు చేసే పనినే ఇది మిషనుపై చేస్తుందని చెప్పవచ్చును.

కుట్టే విధానం
* అడుగు బట్టను నేలపై ముడతలు లేకుండా పరచి, మిగిలిన పొరలను దానిపై వేయాలి.
* నాలుగు వేళ్ళ వెడల్పుకు ఒకటి చొప్పున పిన్నీసులు పెట్టాలి.
* సుద్దతో తిన్నని గీతలు గీయాలి. కుట్టు పొడవు 2.5 నుండి 3.5 మిల్లీమీటర్లు, సూది 14 నంబరు అయితే సాధారణంగా సరిపోతుంది.
* మొదట మధ్య గీతను కుట్టి, తరువాత క్రమంగా అంచుల వైపు రావాలి. అంచుల నుండి మొదలుపెడితే మిగులు బట్ట మధ్యలో చిక్కుకొని ముడతగా నిలిచిపోతుంది.
* గీతలన్నీ ఒకే దిక్కుగా కుట్టాలి. దిక్కు మార్చితే పొరలు మెలిపడవచ్చును.
* బట్టను చేతితో లాగరాదు. బరువు వేలాడకుండా బల్లపై ఆనించి, నిదానంగా కుట్టాలి.

పరిమితులు
వాకింగ్ ఫుట్ తిన్నని గీతలకు, కొద్దిపాటి వంపులకు మాత్రమే అనుకూలము. దీనితో వెనుకకు కుట్టడం మంచిది కాదు. పూలు, లతల వంటి నమూనాలకు అడుగు పళ్ళను దించి, వేరొక పాదంతో బట్టను చేతులతో తిప్పుతూ కుట్టాలి. కొనేముందు పాదాన్ని బిగించే కాడ ఎత్తు తమ మిషనుకు సరిపోతుందో లేదో చూచుకొనవలెను.

ఇవి కూడా చూడండి
* కుట్టుమిషను
* కలంకారీ
* చేనేత