పిల్లులకు వచ్చు తామర

నూజివీడు ప్రాంతపు మామిడి రైతు ఇంట పిల్లి ఊరకనే ఉండదు. కాయలు మాగవేసిన కొట్టులోను, ధాన్యపు బస్తాల వద్దను ఎలుకలను పట్టుట దాని పని. పగలు వరిగడ్డిలో పడుకొనును, రాత్రి పిల్లల పక్కలో చేరును. కనుక దానికి తామర పట్టినచో ఇంటిల్లిపాదికిని అంటుకొనవచ్చును.

చెవులు, ముఖము, ముందు కాళ్ళపై వెంట్రుకలు తెగి రాలి గుండ్రని మచ్చలు పడును. వాటిపై బూడిద వంటి పొట్టు లేచును. దురద ఉండవచ్చును, లేకపోవచ్చును. కూనలకు త్వరగా సోకును. పెద్ద పిల్లి పైకి బాగుగానే కనిపించుచు వ్యాధిని మోయుటయు కలదు.

దీనికి కారణము మైక్రోస్పోరమ్ కేనిస్ అను శిలీంధ్రము. మామిడి పూతకు బూడిద తెగులు తెచ్చునదియు శిలీంధ్రమే గాని, ఆ జాతి వేరు. గజ్జి కూడ ఇంచుమించు ఇట్లే కనిపించును. అందుచేత కంటితో చూచి నిర్ణయింపక, పశువైద్యునిచే వెంట్రుకలను పరీక్ష చేయించవలెను. గన్నవరములో పశువైద్య కళాశాల మీకు దగ్గరలోనే కలదు.

చికిత్స రెండు విధముల సాగవలెను. పైపూతగా సున్నము, గంధకము కలిపి కాచిన ద్రావణముతో వారమునకు రెండుసార్లు ఒళ్ళంతయు తడుపుదురు. లోపలికి ఇట్రాకొనజోల్ అను మందును పిల్లి బరువును బట్టి వైద్యుడు నిర్ణయించును. తోటలో చల్లు గంధకమునే పిల్లికి పూయుదమని తలపవద్దు. దాని పాళము వేరు, పైగా పిల్లి ఒళ్ళంతయు నాకుకొనును. కిరసనాయిలు, వాడిన ఇంజను నూనె, ఫినాయిలు పూయుట మరింత ప్రమాదము. ఫినాయిలు జాతి మందులను పిల్లి కాలేయము విరిచి బయటకు పంపలేదు. పశువుల గోమార్లకు వాడు పెర్మెత్రిన్ కూడ పిల్లి ప్రాణము తీయగలదు.

బొచ్చు తిరిగి మొలిచినది గదా యని మందు ఆపరాదు. సాధారణముగా కొన్ని వారములు పట్టును. పరీక్షలో శిలీంధ్రము లేదని తేలువరకు సాగించవలెను. అంతవరకు పిల్లిని సులువుగా కడుగగల గదిలో వేరుగా ఉంచుడు.

చాలమంది చేయనిది స్థలశుద్ధి. రాలిన వెంట్రుకలలోని బీజములు ఏడాదికి పైగా బ్రతికియుండగలవు. అది పడుకొన్న గడ్డిని, పాత గోనెలను కాల్చివేయుడు. ఆ గడ్డిలో కాయలు మాగవేయరాదు. నేలను ముందు వెంట్రుక లేకుండ తుడిచి, సబ్బునీటితో కడిగి, పిమ్మట ఇంటివాడుకకు దొరకు ద్రవపు బ్లీచి ఒక వంతునకు నీరు 32 వంతులు కలిపి పది నిమిషములు తడిగా ఉంచుడు. దానిలో యాసిడ్ గాని, మరే మందు గాని కలుపరాదు. అది ఆరువరకు పిల్లిని రానీయవద్దు.

పిల్లల చేతిపై ఎర్రని వలయము కనిపించినచో వైద్యునికి చూపుడు. దుకాణములో అడిగి తెచ్చిన స్టెరాయిడు కలిసిన లేపనములు మొదట దురద తగ్గించి, తామరను ముదురజేయును. మన దేశములో మనుష్యులకు వచ్చు తామరలో అధిక భాగము మనిషి నుండి మనిషికి పాకునదే. ఇంట ఎవరికి వచ్చినను పిల్లినే నిందించి ఊరి బయట వదలుట న్యాయము కాదు. పిల్లి పోయినచో కొట్టులోనికి ఎలుకలు వచ్చును, పండ్ల ప్రక్కన విషపు ఎర పెట్టవలసి వచ్చును.

కొత్త కూనను తెచ్చినప్పుడు రెండు మూడు వారములు వేరుగా ఉంచి, చెవులు, పాదములు వెలుతురులో పరిశీలించుడు. చికిత్సకు వారములు పట్టును గనుక, కాయ కోత మొదలగుటకు చాల ముందే పిల్లిని చూపించి, కొట్టును శుభ్రపరచుకొనుడు.