వెధవ ఎవరర్రా?

మా ఆలమూరులో చిన్ననాటి నేస్తం చాన్నాళ్లకి కనపడితే ‘ఓరి వెధవా, ఎప్పుడొచ్చావురా!’ అని భుజమ్మీద చరుస్తారు. వాడి మొహం వెలిగిపోతుంది. అదే మాట ముక్కూమొహం తెలియనివాణ్ణి అని చూడండి, చొక్కా పట్టుకుంటాడు.

ఆ మాట పుట్టుక తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుందర్రా. సంస్కృతంలో విధవ మన నోట వెధవైంది. మొగుడు పోయిన మనిషని తప్ప అందులో తిట్టేముంది? 1852లో అచ్చయిన బ్రౌను దొర నిఘంటువులోనూ ఆ అర్థం ఉంది. ఆవిడ ఎదురొస్తే అపశకునమన్నారు, జుట్టు తీయించారు, పెళ్లిపందిట్లోకి రానివ్వలేదు. చివరికి ఆవిణ్ణి పిలిచే పేరే తిట్టయి కూర్చుంది. గుండు అనే అర్థమున్న ముండదీ అదే దారి. మనకి ఎగువనున్న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు ఊరంతా వెలివేస్తామంటున్నా 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. ఇప్పుడు వెధవ అంటే ఎక్కువగా మగపిల్లలే. ఎవరి ఏడుపులోంచి వచ్చిందో అనేవాడికీ తెలీదు, పడేవాడికీ తెలీదు.

మాట ఇలా దిగజారడాన్ని భాషాశాస్త్రంలో అర్థగ్రామ్యత అంటారు. వేదం చదివిన ఛాందసుడు చాదస్తపు మనిషయ్యాడు. అన్నీ వదులుకున్న సన్యాసి ఏదీ చేతకాని సన్నాసయ్యాడు. జర్మన్లకీ ఇదే గొడవ. వాళ్ల ‘డిర్నె’ ఒకప్పుడు పడుచుపిల్ల, ఇప్పుడు వేశ్య. ‘షెల్మ్’ మాత్రం ఎదురు నడిచింది: ముందు కళేబరం, తరవాత దగుల్బాజీ, ఇప్పుడు కొంటెవాడు.

ఇంకో వింత చెప్తాను. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గరికొచ్చిన రోగి ‘టాన్’ అని తప్ప పలకలేకపోయేవాడు. కోపమొస్తే మాత్రం దేవుడి పేరెత్తి ఓ తిట్టు తిట్టేవాడు! మామూలు మాటలకి చాలామందిలో మెదడు ఎడమభాగం ఆధారం. ఉద్వేగంతో తన్నుకొచ్చే మాటకి కుడిభాగమూ, మెదడు లోపలి భాగాలూ సాయం పడతాయి. ఇంగ్లండులో కీల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో ఇంకో సంగతి చూపించారు. మామూలు మాట అంటూ ఉన్నప్పటికంటే తిడుతూ ఉన్నప్పుడు ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు మంచునీళ్లలో చెయ్యి ఎక్కువసేపు ఉంచగలిగారట.

అంచేత ముల్లు గుచ్చుకుని మీ నోట తిట్టొస్తే నేనేమీ అనను. కానీ భర్త పోయిన మనిషి వింటుండగా వెధవ అన్న ఆ ఒక్కమాటా అనకండర్రా. శుంఠ ఉంది, దద్దమ్మ ఉంది, అవి వాడుకోండి.