పాత జీపుకు అయిదో గేరు: పెట్టించే ముందు లెక్క చూసుకోండి

కూరగాయల బుట్టలు, పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు, వాటి మీద నలుగురు మనుషులు. పల్లెల్లో పాత మహీంద్రా జీపు చేసే చాకిరీ ఇంతా అంతా కాదు. వాగు దాటుతుంది, గట్టు ఎక్కుతుంది. తారురోడ్డు మీద యాభై దాటిందంటే మాత్రం ఇంజను గోల మొదలు. ‘ఇంకో గేరుంటే బాగుండును’ అని స్టీరింగు పట్టిన ప్రతివాడికీ అనిపిస్తుంది. అందుకే పాత పెట్టె దించి అయిదు గేర్ల పెట్టె ఎక్కించే పని షెడ్లలో చాలాకాలంగా నడుస్తోంది.

పాత సి.జె.3బి జీపునే తీసుకుందాం. దానికి మూడే గేర్లు. మూడో గేరులో ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే గేరుబాక్సు వెనక షాఫ్టు కూడా అన్నే తిరుగుతుంది. క్రౌన్ పినియన్ నిష్పత్తి 5.38. అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే ఇంజను అయిదుసార్లకు పైగా తిరగాలి. మామూలు 16 అంగుళాల టైరుతో గంటకు 60 కి.మీ. వేగంలో పోతుంటే ఇంజను నిమిషానికి సుమారు 2,450 చుట్లు కొడుతుంది. కొత్త పెట్టెలో అయిదో గేరు 0.8 అయితే అదే వేగానికి 1,950 చాలు. గోల తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది, చదును రోడ్డు మీద ఇంధనం కొంత మిగులుతుంది.

అయిదో గేరుతో బండికి బలం వస్తుందనేది మాత్రం వట్టి మాట. ఆ గేరులో చక్రం దగ్గర లాగుడు అయిదో వంతు తగ్గుతుంది. లోడుతో మిట్ట ఎక్కాలంటే కింది గేరుకు రావాల్సిందే.

అసలు మోసపోయేది ఫోర్‌వీల్ దగ్గర. ఈ జీపులో గేరుబాక్సు వెనకే ట్రాన్స్‌ఫర్ కేసు అతికి ఉంటుంది. ముందు చక్రాలకు తిప్పుడు వెళ్లేది దాన్నుంచే. హై, లో మార్చేదీ అదే. మొదటి గేరు 2.8, లో 2.46, క్రౌన్ 5.38 హెచ్చవేస్తే 37 వస్తుంది. ఫోర్‌వీల్ లేని బండి నుంచి తెచ్చిన పెట్టె బిగించి ట్రాన్స్‌ఫర్ కేసు తీసేశారనుకోండి. మొదటి గేరు 4 ఉన్నా మొత్తం 21.5 దగ్గరే ఆగుతుంది. అదీ వెనక రెండు చక్రాలకే. వానాకాలం రేగడి దారిలో దిగబడినప్పుడు ఆ తేడా తెలిసొస్తుంది. ‘తీసేస్తే బరువు తగ్గుద్దండీ’ అని మేస్త్రి చెబితే ఒప్పుకోవద్దు.

ట్రాన్స్‌ఫర్ కేసు ఉన్న పెట్టే దొరికినా, అది ముందు షాఫ్టుకు ఏ పక్క నుంచి తిప్పుడు ఇస్తుందో చూడాలి. పాత జీపు ఇరుసు మీద డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. రెండూ ఒకే పక్కన లేకపోతే ఆ పెట్టె మనకు పనికిరాదు.

పెట్టె ఖరీదు ఒక్కటే ఖర్చు కాదు. అయిదు గేర్లది సాధారణంగా పొడుగు. కాబట్టి వెనక ప్రొపెల్లర్ షాఫ్టు కోయాలి, ముందుది పొడిగించాలి, రెండూ బ్యాలెన్సు చేయించాలి. పెట్టె కింద అడ్డపట్టీ జరపాలి. క్లచ్ ప్లేటు మధ్య పళ్లు కొత్త షాఫ్టుకు సరిపోవాలి. ఫ్లైవీల్ మధ్యలోని చిన్న బేరింగూ అంతే. ఇంజనుకు, పెట్టెకు మధ్య పెట్టే ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా షాఫ్టు బేరింగు త్వరగా పోతుంది. వెల్డింగు షెడ్డులో కళ్లతో చూసి కొలిచే పని కాదిది, లేతు మీద చేయించాలి. అన్నీ కలిపి మొత్తం ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత పెట్టె కొంటే ముందు ఆయిలు దించి చూడండి. ఇనుప ముక్కలు కనబడితే వదిలేయండి. ప్రతి గేరూ వేసి షాఫ్టు చేత్తో తిప్పండి, ఊగుతుందేమో చూడండి.

మా మాటగా చెప్పాలంటే, రోజూ నలభై యాభై కిలోమీటర్లు తారురోడ్డున మార్కెట్‌కు తిరిగే జీపుకైతే ఇది తగిన ఖర్చే. ఊరి నుంచి చేనుకు, చేను నుంచి మిల్లుకు తిరిగే బండికి ఆ డబ్బు టైర్లకు, బ్రేకులకు పెట్టుకుంటే నయం. వేగం పెరిగితే పాత డ్రమ్ము బ్రేకులు కూడా దానికి తగ్గట్టు పట్టాలి మరి.

ఆర్.సి.లో రాసిన వివరాలు మారేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. బిగించాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, ఆయిలు మళ్లీ ఒకసారి దించి చూసుకోండి.