హోపుదీవి ఎఱ్ఱపీతలు

గుండుగొలను పరిసరముల స్త్రీలకు ఎండ్రకాయ క్రొత్తది కాదు. వరిచేని గట్టునకు బొఱియ పెట్టి నీటిని జాఱవిడుచునని దానిని తిట్టుదుము, పులుసైనపుడు మెచ్చుకొందుము. ఆ బురదరంగు ప్రాణిని చూచి పెరిగిన మాకు, కాకినాడ కెదురుగా సముద్రములో నున్న హోపుదీవిలో ఎఱ్ఱపీతల గుంపు కనబడినపుడు మందారపూవులకు కాళ్లు వచ్చినవేమో యనిపించినది.

గోదావరి మోసికొనివచ్చిన యిసుక పేరుకొని యేర్పడిన సన్నని దీవి యది. పొడవు ఇంచుమించు 16 కిలోమీటర్లు. 1978లో నేర్పడిన కోరింగ అభయారణ్యములోనిది గనుక అటవీశాఖవారి యనుమతి గైకొని పడవలో పోవలెను.

సోదరీమణులారా! ఈ పీతల ఛాయాచిత్రము తీయుట చంటిబిడ్డను నిదురపుచ్చుట వంటిది, తొందర పనికిరాదు. దాని కన్నులు కాడల చివర నుండి నలుదెసలు చూచును. మన యడుగుల యదురు నేలద్వారా దానికి తెలియును. ఇరువది బారల దూరములో నుండగనే బొఱియలో దూరును. నిలువబడి తీసిన చిత్రములో ఇసుకపై ఎఱ్ఱచుక్క మాత్రమే మిగులును. బొఱియకు కొంతదూరమున, మన నీడ దానిపై పడకుండ, బోర్లపండుకొని పది నిమిషములు కదలక యుండవలెను. (మంచి చీర ఇంటనే యుంచి రండు.) మొదట రెండు కన్నులు అగ్గిపుల్లలవలె పైకి లేచును. పిదప పీత వెడలివచ్చి, లోపలినుండి తెచ్చిన యిసుకను విసరివేయును. అదియే సమయము.

మడచెట్ల నడుమ బురదలో మఱియొక చిన్నజాతి కలదు. మగదానికి ఒక చేయి శరీరమంత పెద్దది. దానిని పైకెత్తి యూపుచు ఆడదానిని పిలుచును. ఆ చేయి తిండికి పనికిరాదు. ఆడదానికి రెండును చిన్న చేతులే; రెంటితోను చకచక తినును. ఈ సంగతి విని మాలో ఎల్లరు నవ్విరి.

నవ్వు రానిది వేఱొకటి. మాతో వచ్చిన కొందఱు కుఱ్ఱవాండ్రు బొఱియలు త్రవ్వి, పీతలను తఱిమి, కాలు పట్టి యెత్తి చిత్రములు తీసికొనుచుండిరి. పట్టుబడిన పీత తన కాలిని తానే తెంచుకొని పాఱిపోవును. దాని మొప్పలు తడిగా నున్నంతవఱకే యది యూపిరి పీల్చగలదు. ఎండవేళ బొఱియకు దూరము చేసినచో ప్రాణమునకే ముప్పు. పీతలు తాబేటిపిల్లలను తినును గదా, పోనిమ్మని యొక కుఱ్ఱవాడు వాదించెను. అది నిజమే. కాని తీరమున క్రుళ్లు చేపలను తిని శుభ్రపఱచునవియు అవియే.

నేను తీసిన యఱువదింటిలో నాలుగు మిగిలినవి. వానిలో నాకు నచ్చినది బొఱియ యంచున రెండు కన్నులు మాత్రమే కనబడునది. మా అత్తగారు దానిని చూచి, “పీత యేదే?” యని యడిగినారు.