జ్వరానికి గీత గీసే పట్టీ



ఇంట్లో పిల్లవాడు నలతగా ఉంటే పెద్దవాళ్ళు మొదట నుదుటిమీద చెయ్యి వేసి చూస్తారు. తరువాత మెడకింద, పొట్టమీద. ఒళ్ళు కాలిపోతోందనుకున్నాక థర్మామీటరు కోసం వెతుకుతారు. అది 102 చూపిస్తుంది. మందు వేస్తారు. గంట పోయాక చూస్తే 101. ఈ రెండు అంకెల నడుమ ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి దాటాక, ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నప్పుడు ఏం జరిగిందో అసలే తెలియదు. ఆ వేళల్లో కూడా జ్వరాన్ని కనిపెట్టి ఉండే ఒక చిన్న పరికరాన్ని గురించి ఇవాళ చెప్పుకుందాం. ఒంటికి అంటించుకునే పట్టీ అది. తీగలేవీ ఉండవు. ఒంటివేడిని ఎడతెరిపి లేకుండా కొలుస్తూ, ఆ లెక్కను పక్కనున్న సెల్‌ఫోనుకు పంపిస్తూ ఉంటుంది.

పట్టీ సంగతికి ముందు ఒంటివేడి సంగతి కొంత తెలియాలి. మనిషికి 98.6 డిగ్రీలు ఉండాలని మనకందరికీ కంఠతా వచ్చు. ఇది జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో పనిచేసిన వుండర్‌లిష్ అనే వైద్యుడి లెక్క. సుమారు 25,000 మంది రోగులను పరీక్షించి, ఆ వివరాలతో ఆయన 1868లో ఒక పుస్తకం వేశాడు. ఆయన వాడిన థర్మామీటరు దాదాపు అడుగు పొడవు. దాన్ని చంకలో పెట్టి ఇరవై నిమిషాలదాకా కదలకుండా ఉంచేవారు. జ్వరంతో వణికే మనిషికి అదొక శిక్షే. ఆయన చెప్పిన ముఖ్యమైన మాట మరొకటి ఉంది. జ్వరం జబ్బుకు గుర్తు మాత్రమేననీ, అది ఎక్కే తీరు, దిగే తీరు ఒక్కో జబ్బులో ఒక్కో విధంగా ఉంటాయనీ ఆయన చూపించాడు. మనం అంకెను గుర్తుంచుకుని ఈ మాటను మరిచిపోయాం.

ఆ అంకె అయినా స్థిరం కాదు. 1992లో అమెరికాలో ఆరోగ్యవంతులను కొలిచి చూస్తే సగటు 98.2 వచ్చింది. పైగా ఒకే మనిషిలో తెల్లవారుజామున వేడి తక్కువగానూ, సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపల ఎక్కువగానూ ఉంటుంది. తేడా దాదాపు ఒక డిగ్రీ. సాయంత్రం 99 చూసి కంగారు పడనక్కరలేదు. అదే 99 తెల్లవారుజామున ఉంటే మాత్రం ఒక కన్ను వేసి ఉంచాలి.

కోరాపుట్, రాయగడ వైపు శ్రోతలకు జ్వరాల తీరు గురించి వేరే చెప్పాలా? చలిజ్వరం అంటే ముందు వణుకు, తరువాత మంట, ఆపైన చెమట, చివరికి తెరిపి. ఒకరకం మలేరియాలో ఇది రోజు విడిచి రోజు వస్తుంది. రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే వైద్యులు ఈ వరసను బట్టి ఏ జ్వరమో ఊహించేవారు. అయితే ఒడిశా కొండల్లో ఎక్కువగా కనిపించే ఫాల్సిపేరమ్ రకం ఈ వరసను తరచు పాటించదు. కాబట్టి జ్వరపు గీత ఎంత చక్కగా ఉన్నా, మలేరియా అవునో కాదో తేల్చేది రక్తపరీక్షే.

ఆస్పత్రిలో మంచం దగ్గర వేలాడే చార్టు మీరు చూసే ఉంటారు. నర్సమ్మ పూటపూటా వచ్చి చుక్క పెడుతుంది. చుక్కలు కలిపితే గీత. రోజుకు నాలుగు చుక్కలు ఉండే చోట ఈ పట్టీ కొన్ని వందల చుక్కలు పెడుతుంది. మౌలికంగా తేడా అంతే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి చెందిన బ్లూ స్పార్క్ అనే సంస్థ 2015లో టెంప్‌ట్రాక్ పేరుతో ఇటువంటి పట్టీని బయటికి తెచ్చింది. మెత్తగా, దెబ్బకు అంటించే ప్లాస్టరులా ఉంటుంది. చంకలో అంటిస్తారు. మొదట్లో 24 గంటలు పనిచేసేది. తరువాత 72 గంటలు నడిచేవి కూడా వచ్చాయి. గడువు తీరాక పారవేయాల్సిందే. చార్జింగు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడుకునే రకాలు వేరే ఉన్నాయి. వీటి లోపల థర్మిస్టర్ వంటి గింజంత భాగం ఉంటుంది. మామూలు థర్మిస్టర్ వేడెక్కినకొద్దీ కరెంటును సులువుగా పోనిస్తుంది. ఎంత సులువుగా పోతోందో కొలిస్తే ఎంత వేడి ఉందో తెలిసిపోతుంది. దానికి తోడు పలుచని బ్యాటరీ, చిన్న చిప్, ఒక యాంటెన్నా.

లెక్కను ఫోనుకు చేరవేసేది బ్లూటూత్. మాటకు అర్థం నీలిపన్ను. పదో శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హరాల్డ్ అనే రాజు బిరుదు అది! పేరు ఏదైనా, పనిచేసేది రేడియో తరంగమే. ఇప్పుడు నా మాట మీ ఊరికి చేరుతున్నట్లే, పిల్లవాడి చంకలోంచి ఆ అంకె ఫోనుకు చేరుతుంది. ఒక గదికి సరిపడే బుల్లి రేడియో స్టేషను అనుకోండి. అయితే మన ఒంట్లో నీరు ఎక్కువ. ఈ తరంగాలను నీరు పీల్చేస్తుంది. పిల్లవాడు పట్టీ ఉన్న వైపుకు ఒత్తిగిల్లి పడుకుంటే ప్రసారం నిలిచిపోవచ్చు. అందుకే ఫోనులో అంకెతోపాటు అది ఎన్ని గంటలప్పటిదో కూడా చూడాలి.

ఇంకో చిక్కు ఉంది. పట్టీ కొలిచేది చర్మపు వేడిని. డాక్టరుకు కావలసింది లోపలి వేడి. బయటి గోడను తడిమి వంటింట్లో పొయ్యి ఎలా మండుతోందో చెప్పడం వంటిది ఇది. చంకలో సాధారణంగా నోట్లో కంటే తక్కువే చూపిస్తుంది. చెయ్యి ఎత్తినా, చెమట పట్టినా, ఫ్యాను గాలి తగిలినా మరీ తగ్గుతుంది. దీనికొక ఉపాయాన్ని 1970ల తొలినాళ్ళలోనే ఇంగ్లండులో కనిపెట్టారు. చర్మాన్ని ఒక మూతతో కప్పి, లోపలి వేడి బయటికి పోవడం ఆగిపోయేదాకా ఆ మూతనే వేడి చేస్తారు. వేడికి పోయే దారి లేనప్పుడు మూతకింద చర్మం మెల్లగా లోపలి వేడికి సమానమవుతుంది. ఆపరేషను గదుల్లో నుదుటికి అంటించే కొన్ని పరికరాలు ఇలాగే పనిచేస్తాయి. కానీ మూతను వేడి చేయడానికి కరెంటు బాగా కావాలి. ఇంటి పట్టీలోని పలుచని బ్యాటరీకి అంత శక్తి ఉండదు.

మరి పట్టీ వల్ల నిజమైన లాభం ఎవరికి? నా ఉద్దేశంలో ముందు చెప్పుకోవలసింది కేన్సరు మందులు ఎక్కించుకుంటున్నవారి గురించి. ఆ మందులతో తెల్లరక్తకణాలు పడిపోయినప్పుడు చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. 101 ఒక్కసారి వచ్చినా, 100.4 గంటసేపు నిలిచినా తక్షణం ఆస్పత్రికి వెళ్ళాలని డాక్టర్లు చెబుతారు. గంటసేపు నిలిచిందో లేదో నిద్రలో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది? చిత్తూరు వైపు నుంచి వేలూరు వచ్చి మందు ఎక్కించుకుని ఊరు తిరిగి వెళ్ళినవారికి, అర్ధరాత్రి ఫోను మోగితే ఆ మోత విలువ ఇంతా అంతా కాదు.

రెండోవారు బరువు తక్కువగా పుట్టిన పసికందులు. వీరికి జ్వరం కన్నా ఒళ్ళు చల్లబడటం పెద్ద గండం. 97.7 కంటే తగ్గనీయకూడదు. బెంగళూరులోని బెంపూ అనే సంస్థ ఇందుకోసం ముంజేతికి కట్టే బిళ్ళ తయారుచేసింది. బిడ్డ చల్లబడితే నారింజరంగు దీపం వెలిగి కూత పెడుతుంది. ఫోను అక్కరలేదు, చదువూ అక్కరలేదు. తల్లి బిడ్డను రొమ్ముకు హత్తుకుంటే చాలు, ఒళ్ళు మళ్ళీ వెచ్చబడుతుంది. ఖరీదైన పట్టీలకన్నా మన పల్లెలకు ఇదే దగ్గర వస్తువని నాకు తోస్తుంది.

ఇక డెంగ్యూ గురించి తప్పక చెప్పాలి. డెంగ్యూలో జ్వరం మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల దిగుతుంది. ఫోనులో గీత కిందికి దిగుతుంటే ఇంట్లోవారు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం కొందరికి అప్పుడే మొదలవుతుంది. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరుతుంది. ఇది ఒకటి రెండు రోజులు సాగుతుంది. ఆ వేళ చూడవలసింది మనిషిని. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గడం వంటివి కనిపిస్తే, అంకె 98 ఉన్నా సరే, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. పట్టీకి వీటిలో ఒక్కటీ తెలియదు. వృద్ధుల విషయమూ అంతే. ఒంట్లో చీము పట్టినా కొందరికి జ్వరం రాదు.

పట్టీ వాడేవారు మందు వేసిన వేళను కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే గీత ఎందుకు దిగిందో డాక్టరుకు అర్థం కాదు. తీసేటప్పుడు లాగకుండా, తడిపి మెల్లగా ఊడదీయాలి. వాడేసినదాన్ని పొయ్యిలోనూ చెత్తమంటలోనూ వేయకూడదు, లోపల బ్యాటరీ ఉంటుంది.